జిగురు చుక్క ఎందుకు మారుతుంది? డిస్పెన్సింగ్ లోపాలను మూలం దగ్గర సరిచేయడం

దృశ్యం: నల్లని పలక మీద పక్కపక్కన రెండు జిగురు చుక్కలు, కెమెరాకు బాగా దగ్గరగా. కుడివైపు చుక్క స్పష్టంగా చిన్నది.

వ్యాఖ్యానం: తెరపై కనిపిస్తున్న ఈ రెండు చుక్కలనూ ఒకే యంత్రం, ఒకే సూదితో, ఒకే ప్రెషర్ దగ్గర, ఒకే సమయం సెట్టింగుతో వేసింది. ఎడమవైపుది సిరంజి నిండుగా ఉన్నప్పుడు పడింది, కుడివైపుది అదే సిరంజి అడుగంటే వేళకు పడింది. ఇలాంటి తేడా కంటబడగానే లైను మీద ఉన్నవారు సాధారణంగా చేసే మొదటి పని రెగ్యులేటర్ తిప్పి ప్రెషర్ పెంచడం. ఆ రెగ్యులేటర్‌ను అన్నిటికంటే ఆఖరున ముట్టుకోవాలన్నదే ఈ వీడియోలో మేము చెప్పదలచిన విషయం. లోపం సూది కొస దగ్గర కనిపిస్తుంది గాని, దాని కారణం చాలాసార్లు సిరంజిలోనో, గొట్టంలోనో, జిగురు రసాయనంలోనో, అది పడే ఉపరితలం మీదో ఉంటుంది. కారణం తెలియకుండా ప్రెషర్ పెంచితే ఈ పూటకు చుక్క సరిపోయినట్టు అనిపిస్తుంది, కొత్త సిరంజి బిగించగానే అదే చుక్క పొంగి అంచులు దాటిపోతుంది.

దృశ్యం: సిరంజి నిలువు కోత బొమ్మ. పిస్టన్ కిందికి దిగుతుంటే దాని పైనున్న ఖాళీ నీలిరంగులో పెరుగుతూ ఉంటుంది.

వ్యాఖ్యానం: గాలి ఒత్తిడితో నడిచే డిస్పెన్సర్‌లో (జిగురు వేసే యంత్రంలో) నియంత్రణ ఉన్నది ప్రెషర్ మీద, సమయం మీద మాత్రమే. బయటికి వచ్చిన జిగురు ఎంతో ఆ యంత్రానికి తెలియదు. సిరంజి నిండుగా ఉన్నప్పుడు పిస్టన్ పైన ఖాళీ తక్కువ కనుక గాలి వెంటనే నిండి పూర్తి పీడనానికి చేరుతుంది. జిగురు తరిగేకొద్దీ ఆ ఖాళీ పెరిగి, అదే పీడనానికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, కానీ వాల్వు తెరిచి ఉండే సమయం మాత్రం మారదు. అందువల్ల చుక్క క్రమంగా చిన్నదవుతుంది. ప్రెషర్‌నూ సమయాన్నీ నియంత్రించే కంట్రోలర్‌కూ సిరంజికీ మధ్యనున్న గాలి గొట్టాన్ని వీలైనంత పొట్టిగా ఉంచడం, ప్రెషర్ తగ్గించి సమయాన్ని పెంచడం దీనికి సులువైన ఉపాయాలు. సమయం పెరిగినప్పుడు గాలి నిండడానికి పట్టే ఆలస్యం మొత్తంలో చిన్న భాగమవుతుంది. అంతకుమించిన కచ్చితత్వం కావాలంటే, ప్రతి కదలికకూ నిర్ణీత ఘనపరిమాణాన్ని తోసే పిస్టన్ పంపుకో, స్క్రూ తరహా పంపుకో మారడమే మంచిది.

దృశ్యం: వేర్వేరు రంగుల సూదులు వరుసగా. ఒక సూది లోపలి గోడకు గట్టిపడిన జిగురు పొర.

వ్యాఖ్యానం: సూది విషయంలో ఒక లెక్కను ప్రతి ఆపరేటర్‌కూ చెప్పి తీరాలి. ఒకే తీరున పారే ద్రవం సన్నని గొట్టంలోంచి వెళ్ళేటప్పుడు, ప్రవాహం గొట్టం లోపలి వ్యాసపు నాలుగో ఘాతాన్ని అనుసరించి మారుతుంది. వ్యాసం సగమైతే ప్రవాహం సగం కాదు, 16వ వంతుకు పడిపోతుంది. 18 గేజి సూది లోపలి వ్యాసం సుమారు 0.84 మిల్లీమీటర్లు, 25 గేజిది సుమారు 0.25 మిల్లీమీటర్లు. అంతే పొడవు, అంతే ప్రెషర్ ఉంచి మొదటిదాని బదులు రెండోది బిగిస్తే ప్రవాహం నూరు రెట్లకు పైగా తగ్గుతుంది. చాలా పారిశ్రామిక జిగుర్లు ఒత్తిడికి పలచబడే రకం కనుక అసలు సంఖ్య కొంత మారుతుంది, అయినా లెక్క చూపే దిశ మారదు. సూది లోపలి గోడకు పట్టిన పలుచని పొర వ్యాసాన్ని పదిశాతం తగ్గించినా దాదాపు మూడోవంతు ప్రవాహం పోతుంది. అందుకే చుక్క చిన్నదైనప్పుడు ముందు సూది మార్చి చూడండి. చిక్కని జిగురుకు నిటారు లోహపు సూది కంటే, పైన వెడల్పుగా ఉండి కొసకు సన్నబడే ప్లాస్టిక్ సూదిలో అడ్డంకి చాలా తక్కువ.

దృశ్యం: ఉష్ణమాపకం, దాని పక్కన గిన్నెలోకి ధారగా జారుతున్న ఎపాక్సీ జిగురు.

వ్యాఖ్యానం: చిక్కదనం, అంటే స్నిగ్ధత, రోజంతా ఒకేలా ఉండదు. ఉష్ణోగ్రత పెరిగితే జిగురు పలచబడుతుంది, కొన్ని ఎపాక్సీలలో పది డిగ్రీల తేడాకే చిక్కదనం సగానికి దగ్గరగా తగ్గవచ్చు. ఉదయం చల్లగా ఉన్న గదిలో సరిచేసిన సెట్టింగు మధ్యాహ్నానికి తప్పడంలో వింతేమీ లేదు. గది ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం, అది కుదరకపోతే సిరంజికో వాల్వుకో ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచే తొడుగు వేయడం దీనికి పరిష్కారం. రెజిన్, హార్డెనర్ (గట్టిపరిచే భాగం) అనే రెండు భాగాలను కలిపిన ఎపాక్సీకి మరో గడియారం కూడా నడుస్తుంది. కలిపిన క్షణం నుంచే అది గట్టిపడడం మొదలుపెడుతుంది, తొలి చిక్కదనం రెట్టింపయ్యే వరకు పట్టే కాలాన్నే చాలామంది తయారీదారులు పాట్ లైఫ్‌గా లెక్కిస్తారు. ఎక్కువ మోతాదు ఒకేచోట కలిపితే చర్యలో పుట్టే వేడి బయటికి పోలేక, ఆ కాలం ఇంకా కుదించుకుపోతుంది. కావలసినంతే కలుపుకోవడం పొదుపు కోసం కాదు, నాణ్యత కోసం.

దృశ్యం: పారదర్శకమైన సిరంజిలో ఒక చిన్న గాలిబుడగ నెమ్మదిగా సూది వైపు కదులుతుంది. వాల్వు మూసుకున్నాక కూడా సూది కొస నుంచి జిగురు ఊరుతుంది.

వ్యాఖ్యానం: ఈ దృశ్యాన్ని కాస్త శ్రద్ధగా గమనించండి. వాల్వు మూసుకుంది, అయినా సూది కొసన జిగురు ఊరుతూనే ఉంది. వాల్వు పాడైందని అనుకోవడం సహజమే గాని, దోషి ఆ బుడగే. ద్రవం దాదాపు నొక్కుకుపోదు, గాలి మాత్రం నొక్కుకుపోతుంది. ఒత్తిడి ఉన్నంతసేపూ ముడుచుకున్న బుడగ, ఒత్తిడి పోగానే వ్యాకోచించి తన ముందున్న జిగురును బయటికి తోస్తుంది. అదే బుడగ సూదిని చేరినప్పుడు చుక్క పడవలసిన చోట ఖాళీ మిగులుతుంది. కలిపేటప్పుడు జొరబడిన గాలిని తీయడానికి వేగంగా గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌నో, శూన్యంలో ఉంచే పద్ధతినో వాడతారు. శూన్యంలో పెట్టినప్పుడు జిగురు నురగలా పైకి పొంగుతుంది కనుక పాత్రలో సగానికి పైగా ఖాళీ వదలాలి. సిరంజిని పైనుంచి పోయకుండా అడుగు నుంచి నింపితే చాలా గాలి అసలు లోపలికే రాదు.

ముందే కలిపి మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి పంపే ఎపాక్సీ సిరంజిలను నిలువుగా నిలబెట్టి, గది ఉష్ణోగ్రతలో పూర్తిగా కరగనివ్వాలి. తొందరపడి మూత తీస్తే గాలిలోని తేమ చల్లని జిగురు మీద నీరుగా చేరి, అతుకులో బలహీనతగా మిగులుతుంది.

దృశ్యం: సూది పైకి లేస్తున్నప్పుడు చుక్కకూ దానికీ మధ్య సాగుతున్న సన్నని తీగ, అది తెగి పక్కనున్న విద్యుత్ కాంటాక్టు మీద పడడం.

వ్యాఖ్యానం: తీగ సాగడానికి ఎక్కువగా ఎత్తూ వేగమూ కారణాలు. సూదికీ ఉపరితలానికీ మధ్య దూరం ఎక్కువైతే జిగురు కిందికి అంటుకోక సూదికే చుట్టుకుంటుంది, తక్కువైతే చుక్క నలిగి పక్కకు పాకుతుంది. చుక్కలకు సూది లోపలి వ్యాసంలో సగం ఎత్తుతో మొదలుపెట్టి సరిచేసుకోవడం మంచి పద్ధతి. చుక్క పడ్డాక సూదిని ఒక్క క్షణం ఆపి, మొదట నెమ్మదిగా, తీగ తెగాక వేగంగా పైకి లేపాలి. పలచని జిగురు కారుతుంటే కంట్రోలర్‌లోని వెనక్కి పీల్చే శూన్యాన్ని కొద్దిగా పెంచవచ్చు, మరీ పెంచితే అది సూదిలోకి గాలిని లాగి ఇందాకటి బుడగల సమస్యనే తెచ్చిపెడుతుంది.

దృశ్యం: మూడు సీసాలు. సయనోఅక్రిలేట్, అనరోబిక్, యూవీ జిగుర్లు.

వ్యాఖ్యానం: సూది మాటిమాటికీ మూసుకుపోతుంటే ఆ జిగురు దేనివల్ల గట్టిపడుతుందో అడగాలి. సయనోఅక్రిలేట్ తేమతో గట్టిపడుతుంది కనుక దానిని తోసే గాలి పొడిగా ఉండాలి. స్క్రూలు వదులవకుండా వాడే అనరోబిక్ జిగురు, ఆక్సిజన్ అందకుండా లోహం తగిలినప్పుడు గట్టిపడుతుంది. లోహపు సూది సరిగ్గా ఆ పరిస్థితినే కల్పిస్తుంది కాబట్టి దానికి ప్లాస్టిక్ సూదులే వాడాలి. దాని సీసాను నిండుగా నింపకుండా గాలికి చోటు వదలడం వెనుక కారణమూ ఇదే. యూవీ జిగురు అతినీలలోహిత కాంతితో గట్టిపడుతుంది కనుక దానికి వెలుతురు దూరని నల్లని సిరంజి, నల్లని సూది, నల్లని గొట్టం కావాలి. పారదర్శకమైన గొట్టం మీద కిటికీ ఎండ పడినా చాలు, లోపలి జిగురు చిక్కబడిపోతుంది.

రెండు భాగాల జిగురును మిక్సర్ గొట్టంతో వేసేటప్పుడు తొలి ధారను పనికి వాడకండి. రెండు భాగాల చిక్కదనం వేరైనప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనుక బయలుదేరుతుంది కనుక ఆ తొలి ధారలో నిష్పత్తి తప్పుతుంది. హార్డెనర్ ఎక్కువైతే త్వరగా, మరింత గట్టిగా అతుకుతుందన్న నమ్మకం ఎపాక్సీల విషయంలో నిజం కాదు. చర్యలో పాల్గొనని హార్డెనర్ అతుకులోనే మిగిలిపోయి దానిని మెత్తబరుస్తుంది. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి అలర్జీ తెస్తుంది, ఒకసారి వచ్చిన ఆ అలర్జీ జీవితాంతం ఉండవచ్చు. చేతొడుగులు తప్పనిసరి, సూది విప్పే ముందు ప్రెషర్ పూర్తిగా వదలడం కూడా అంతే తప్పనిసరి.

దృశ్యం: లోహపు పలక మీద పోసిన నీరు ఒకచోట పొరలా పరుచుకుంటుంది, మరోచోట ముత్యాల్లా విడిపోతుంది.

వ్యాఖ్యానం: మోతాదు సరిగ్గా ఉన్నా అతుకు ఊడితే ఉపరితలాన్ని చూడండి. శుభ్రమైన లోహం మీద నీరు తెగని పొరగా నిలుస్తుంది, నూనె ఉన్నచోట చీలిపోతుంది. నూనె అచ్చుల నుంచో, మరకలున్న చేతొడుగుల నుంచో రావచ్చు.

దృశ్యం: సున్నితమైన త్రాసు మీద చిన్న పలక, దాని పక్కన చేత్తో నింపిన పట్టిక.

వ్యాఖ్యానం: చుక్కను కంటితో అంచనా కట్టకుండా తూచండి. ఒక్క చుక్క బరువు త్రాసు స్పష్టతకు దగ్గరగా ఉంటే, వరుసగా ఇరవై చుక్కలు ఒకే పలక మీద వేసి తూచి సగటు తీయండి. షిఫ్టు మొదట్లో, సిరంజి మార్చినప్పుడు, సూది మార్చినప్పుడు, కొత్త బ్యాచ్ తెరిచినప్పుడు ఇలా తూచి, బరువు పక్కనే గది ఉష్ణోగ్రతనూ, బ్యాచ్ సంఖ్యనూ, సిరంజిలో మిగిలిన జిగురునూ రాయండి. బరువు సిరంజి మట్టంతో పాటు తగ్గుతుంటే గాలి ఖాళీని, ఉష్ణోగ్రతతో పాటు మారుతుంటే చిక్కదనాన్ని, ఒక్కసారిగా పడిపోతే సూదిని అనుమానించండి. చుక్కచుక్కకూ పొంతన లేకుండా ఎగుడుదిగుడుగా ఉంటే, సిరంజిని వెలుతురుకు ఎత్తి బుడగల కోసం చూడండి. యూవీ జిగురైతే మాత్రం దానిని వెలుతురుకు ఎత్తకుండా, ఒక తునక మీద ధార వేసి ఖాళీలు పడుతున్నాయేమో చూడండి.