మిర్చి లాట్ల జాబితాతో ఫిల్టర్, సార్ట్: జావాస్క్రిప్ట్ పాఠం

నమస్కారం. జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్టులతో నిండిన అర్రేను, అంటే జాబితాను, ఆ ఆబ్జెక్టులలోని ఒక ప్రాపర్టీ (పేరు పెట్టిన వివరం) ఆధారంగా ఫిల్టర్ చేయడం, అంటే కావలసినవి ఏరుకోవడం, సార్ట్ చేయడం, అంటే వరుసలో పెట్టడం ఈ వీడియోలో నేర్చుకుందాం. ఉదాహరణకు మన గుంటూరు మిర్చి యార్డునే తీసుకున్నాను. అక్కడికి చేరే ప్రతి లాటుకూ రకం, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, క్వింటాలు ధర ఉంటాయి కాబట్టి మన పాఠానికి అది చక్కగా సరిపోతుంది. ఇందులోని ధరలు పాఠం కోసం వేసుకున్నవే కానీ నేటి మార్కెట్ ధరలు కావు.

తెర మీద ‘లాట్లు’ అనే అర్రేను చూడండి. యార్డుకు వచ్చిన వరుసలోనే ఐదు ఆబ్జెక్టులు ఉన్నాయి: ధరతో సహా చెబితే తేజ 15000, 334 రకం 12500, తాలు (నాసిరకం కాయలు) 8000, మళ్లీ తేజ 15500, చివరగా 341 రకం 12500. 334, 341 అన్నవి అంకెలుగా కనిపించినా రకాల పేర్లే కనుక వాటిని కొటేషన్లలో స్ట్రింగులుగా, అంటే అక్షరాలుగా రాశాను. ధరను మాత్రం నంబరుగానే ఉంచాను. వెబ్ పేజీలో నింపే ఫారం నుంచి వచ్చే ధర స్ట్రింగుగా వస్తుంది కాబట్టి అర్రేలో చేర్చే ముందే దానిని నంబరుగా మార్చుకోవాలి. అందులో కామా ఉంటే, అంటే ‘8,000’ అని ఉంటే, నంబర్ ఫంక్షన్ దానిని నాన్‌గా (NaN, అంటే ‘సంఖ్య కాదు’ అని) మారుస్తుంది. అందుచేత కామాను ముందే తీసివేయాలి.

ముందుగా తాలును పక్కన పెడదాం. లాట్లు డాట్ ఫిల్టర్ అని రాసి, బ్రాకెట్లలో బాణం గుర్తుతో రాసిన ఒక ఫంక్షన్ ఇస్తున్నాను. లాటు డాట్ రకం ‘తాలు’ కాకపోతే అది ట్రూ ఇస్తుంది. ట్రూ వచ్చిన ఆబ్జెక్టులు మాత్రమే కొత్త అర్రేలోకి చేరతాయి. పాత అర్రేలో ఐదూ అలాగే ఉంటాయి, కొత్తదానిలో నాలుగు ఉంటాయి. ఆ బాణం గుర్తు తరువాత మీసాల బ్రాకెట్ { తెరిస్తే రిటర్న్ అని తప్పనిసరిగా రాయాలి. రాయకపోతే ఎర్రర్ ఏదీ రాదు కానీ ఖాళీ అర్రే చేతికొస్తుంది. మరొక సంగతి కూడా గుర్తుంచుకోండి: అర్రే కొత్తదే అయినా అందులోని ఆబ్జెక్టులు పాతవే. కొత్త అర్రేలో తేజ ధరను మారిస్తే పాత అర్రేలోనూ ఆ ధర మారిపోతుంది.

ఇక సార్ట్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. లాట్లు డాట్ సార్ట్ అని ఖాళీ బ్రాకెట్లతో పిలిస్తే ఏ మార్పూ కనిపించదు, ఎర్రరూ రాదు. ఏ ఫంక్షనూ ఇవ్వనప్పుడు సార్ట్ ప్రతి అంశాన్నీ స్ట్రింగుగా మార్చి పోలుస్తుంది. మామూలు ఆబ్జెక్టులన్నీ ఒకే స్ట్రింగుగా మారతాయి కనుక దాని దృష్టిలో అన్నీ సమానమే. ధరలను మాత్రమే విడిగా తీసి అలాగే సార్ట్ చేస్తే ఇంకా చిత్రమైన ఫలితం వస్తుంది: 15500 తరువాత 8000 వస్తుంది, ఎందుకంటే అక్షరాల పోలికలో 1 కంటే 8 వెనుకది.

అందుకే పోల్చే ఫంక్షన్‌ను మనమే ఇవ్వాలి. ఎ, బి అనే రెండు లాట్లు తీసుకుని, ఎ డాట్ ధర నుంచి బి డాట్ ధర తీసివేస్తున్నాను. ఫలితం రుణసంఖ్య అయితే ఎ ముందు, ధనసంఖ్య అయితే బి ముందు, సున్నా అయితే రెండూ సమానం. ఎక్కువ ధర పైన కావాలంటే తీసివేతను తారుమారు చేస్తే చాలు. తీసివేతకు బదులు ‘కంటే ఎక్కువ’ గుర్తు పెట్టేవారు చాలామంది ఉన్నారు. ఆ గుర్తు ఇచ్చే ట్రూ, ఫాల్స్‌లు ఒకటి, సున్నాలుగా మారతాయే కానీ రుణసంఖ్య ఎన్నటికీ రాదు కనుక ఆ వరుసను నమ్మలేము.

అన్నిటికంటే ముఖ్యమైనది, సార్ట్ అసలు అర్రేనే మార్చివేస్తుంది. అర్రేను కాన్స్ట్ (const) అని ప్రకటించినా ఈ మార్పు ఆగదు. మన ఆబ్జెక్టులలో వరుస సంఖ్య అనే ప్రాపర్టీ లేదు. ఏ లాటు ముందు వచ్చిందో అర్రే వరుస ఒక్కటే చెబుతోంది, ఒక్కసారి సార్ట్ చేస్తే ఆ సమాచారం పోతుంది. కాబట్టి మూడు చుక్కలతో నకలు తీసి దానిని సార్ట్ చేయండి, లేదా జావాస్క్రిప్ట్ 2023 ప్రమాణంలో వచ్చిన, కొత్త అర్రేను ఇచ్చే టు సార్టెడ్ వాడండి. ఫిల్టర్ వెనుకనే సార్ట్ తగిలిస్తే నకలు అవసరం లేదు, ఫిల్టర్ ఇచ్చినదే కొత్త అర్రే కదా.

ధర సమానమైన 334, 341 లాట్లను గమనించండి. 2019 ప్రమాణం నుంచి సార్ట్ స్థిరంగా ఉండాలన్న, అంటే సమానమైనవాటి పాత వరుసను చెదరగొట్టకూడదన్న నియమం ఉంది కనుక ముందు వచ్చిన 334 ముందే నిలుస్తుంది. క్రోమ్ బ్రౌజర్‌లో, 2018లో వచ్చిన 70వ వెర్షన్‌కు ముందు, పది అంశాలు దాటిన అర్రేలలో ఈ హామీ ఉండేది కాదు.

రకం పేర్లను తీసివేయలేము కాబట్టి వాటిని అక్షర క్రమంలో పోల్చే లోకేల్ కంపేర్ వాడి, తెలుగుకు టి, ఇ అనే భాషా కోడ్ ఇస్తున్నాను. దాని పక్కన రెండు నిలువు గీతలు పెట్టి ధరల తీసివేత రాస్తే, రకం ఒకటే అయినప్పుడు ధర నిర్ణయిస్తుంది.

చివరగా, ఇంకా ధర పలకని లాటు సంగతి చూద్దాం. లేని ధరతో తీసివేత చేస్తే నాన్ వస్తుంది, సార్ట్ దానిని సున్నాగా తీసుకుంటుంది, దానితో చుట్టుపక్కల లాట్ల వరుస కూడా చెడుతుంది. కాబట్టి విలువ నిజమైన సంఖ్యేనా అని చూసే నంబర్ డాట్ ఈజ్ ఫైనైట్‌తో ధర ఉన్నవాటిని ముందుగా ఫిల్టర్ చేసి సార్ట్ చేయండి. అదే షరతు ముందు ఆశ్చర్యార్థక గుర్తు పెట్టి మరొక ఫిల్టర్ రాసి, ధర లేనివాటిని జాబితా చివర విడిగా చూపించండి. ధర పలకనంత మాత్రాన ఒక రైతు సరుకు తెర మీద నుంచి మాయం కాకూడదు.