ఈగతో మొదలయ్యే హత్యలు

మిత్రులారా, సినిమాలో ఇల్లాలు హత్య చేస్తుంటే మనకు నవ్వెందుకు వస్తుంది? చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న ఇది.

జాన్ వాటర్స్ 1994లో తీసిన ‘సీరియల్ మామ్’ చూడండి. అమెరికాలోని బాల్టిమోర్ శివారులో ఓ ముచ్చటైన ఇల్లు. దంతవైద్యుడైన భర్త, కూతురు, కొడుకు ఉదయం బల్ల దగ్గర చేరారు. ఒక ఈగ వాలుతుంది. తల్లి బెవర్లీ చూపు దాని మీదే ఉంటుంది. అదను చూసి కొడుతుంది. చితికిన ఈగను కెమెరా దగ్గరగా చూపిస్తుంది. నా దృష్టిలో సినిమా అంతా ఆ దెబ్బలోనే ఉంది. కొడుకును తప్పుపట్టిన ఉపాధ్యాయుడు, అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్‌ను వెనక్కి తిప్పకుండా తిరిగిచ్చే పెద్దావిడ, అందరూ ఆమెకు ఆ ఈగలాంటివాళ్లే. ఆమె మనసులో ఇది నేరం కాదు, ఇల్లు చక్కబెట్టుకోవడం.

చివరికి కోర్టులో తన కేసు తానే వాదించుకుని నిర్దోషిగా బయటపడుతుంది. కానీ విచారణ జరుగుతుండగానే తీర్పు చెప్పే పౌరుల బృందమైన జ్యూరీలో ఒక సభ్యురాలి తెల్ల బూట్లు ఆమె కంటపడ్డాయి. సెప్టెంబరు తొలి సోమవారం, అంటే వాళ్ల కార్మిక దినం, దాటాక తెల్ల బూట్లు వేసుకోరాదన్నది అక్కడి పాత మర్యాద. తనను విడిచిపెట్టిన ఆ మనిషినే బెవర్లీ చంపేస్తుంది. ప్రాణం కంటే మర్యాద బరువైపోయిన చోట పుట్టిన నవ్వు అది, నవ్విన మరుక్షణం గొంతులో అడ్డం పడుతుంది. బెవర్లీగా కాథ్లీన్ టర్నర్ ఎక్కడా నవ్వించాలని చూడదు, ఆ తల్లి తనను తాను నమ్మినంత గట్టిగా నటిస్తుంది. నటులే ముందుగా నవ్వేసే సినిమాల్లో మిగిలేది నెత్తురు మాత్రమే. అలాంటివి నాకు రుచించవు.

ఈ దారి పాతదే. ఫ్రాంక్ కాప్రా తీయగా 1944లో విడుదలైన ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’లో బ్రూక్లిన్‌లో ఉండే ఇద్దరు మేనత్తలు ఒంటరి ముసలివాళ్లకు విషం కలిపిన ద్రాక్షసారాయి లాంటి పానీయం పోస్తారు. వాళ్ల లెక్కలో అది దయ. కిటికీ కింద పెట్టెలా ఉండే ఆసనం మూతను మేనల్లుడు (నటుడు కేరీ గ్రాంట్) ఎత్తుతాడు. లోపల శవం. మూత వేసి నాలుగడుగులు నడిచాక గానీ చూసిందేమిటో అతనికి తట్టదు. పరుగున వెనక్కి వస్తాడు. అత్తలు మాత్రం తొణకరు. ఆ సంగతి తమకు తెలుసని, అది తమ పనేనని ప్రేమగా చెబుతారు.