ఆ ఒక్క అబ్బాయి సరే, మిగతా పిల్లల సంగతేంటి?

నమస్తే అండి. 2020 జూన్‌లో ఒక చిన్న వీడియో ప్రపంచమంతా తిరిగింది, మీలో చాలామంది చూసే ఉంటారు. నైజీరియాలోని లేగోస్ నగర శివారు. జోరున వాన. సిమెంటు నేల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆంథోనీ మదు అనే 11 ఏళ్ల అబ్బాయి ఒట్టి కాళ్లతో ఆ నీళ్లలోనే గిర్రున తిరుగుతూ బ్యాలే, అంటే పాశ్చాత్య శాస్త్రీయ నృత్యం చేస్తుంటాడు. హాలీవుడ్ నటి వయోలా డేవిస్ దాన్ని షేర్ చేశారు. న్యూయార్క్‌లోని పేరున్న బ్యాలే సంస్థ అమెరికన్ బ్యాలే థియేటర్ నుంచి స్కాలర్‌షిప్ వచ్చింది. తర్వాత ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్‌లోని ఎల్మ్‌హర్స్ట్ బ్యాలే స్కూల్లో సీటు కూడా వచ్చింది. ఆ అబ్బాయి దానికి నూటికి నూరుపాళ్లూ అర్హుడు.

నేను మాట్లాడాలనుకున్నది ఆ వీడియోలో కనిపించని వాళ్ల గురించి. ఆంథోనీకి నేర్పిన స్కూలు పేరు లీప్ ఆఫ్ డాన్స్ అకాడమీ. డేనియల్ అజాలా అనే ఆయన 2017లో మొదలుపెట్టారు. ఆయన బ్యాలే నేర్చుకున్నది చాలావరకు ఆన్‌లైన్ వీడియోలు చూసి. సొంత డబ్బు పెట్టి, తన ఇంటి ముందు గదిలోనే ఉచితంగా క్లాసులు చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో చుట్టుపక్కల వాళ్లకు ఇదేదో అసభ్యమైన డాన్సేమో, మన మతానికి సరిపడదేమో అని అనుమానం. పిల్లల్లో వచ్చిన క్రమశిక్షణ కళ్లారా చూశాకే తల్లిదండ్రుల మనసు మారింది. అంటే పాఠం మొదలవ్వకముందే ఆయన గడప గడపకూ నమ్మకం సంపాదించుకోవాల్సి వచ్చింది. ఈ పనికి ఏ దాతా డబ్బివ్వడు, గమనించారా?

ఇప్పుడు ఆ నేల దగ్గరికి వద్దాం. వీడియోలో వాన అందరికీ నచ్చింది. నాకు మాత్రం చూసిన ప్రతిసారీ ఆ సిమెంటు మీదకే కళ్లు పోతాయి. బ్యాలేలో ఎగిరి దిగినప్పుడు శరీరం బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడి కాళ్ల మీద పడుతుంది. అందుకే మంచి స్టూడియోల్లో కింద ఖాళీ వదిలి, పట్టీల మీద చెక్కలు పరిచి నేల వేస్తారు. దిగగానే అది కొద్దిగా లోపలికి వంగి ఆ దెబ్బను తను తీసుకుంటుంది. సిమెంటు వంగదు. ఆ దెబ్బంతా మోకాళ్లకీ, పిక్కల ముందు ఎముకకీ పోతుంది. ఎదిగే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. కానీ "చెక్క నేల వేయించాలి, సాయం చేయండి" అంటే ఆ పోస్టును ఎవరు షేర్ చేస్తారు?

ఇక బూట్లు. వేళ్ల కొనల మీద నిలబడే ఆ సాటిన్ బూట్ల ముందు భాగంలో చెక్క ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అంటించి గట్టిపరుస్తారు. చెమటకీ బరువుకీ అది మెత్తబడిపోతుంది. పెద్ద బ్యాలే కంపెనీల్లో, అంటే ప్రదర్శనలిచ్చే బృందాల్లో, డాన్సర్లు ఒక్క ప్రదర్శనతోనే ఒక జతను పాడు చేసేస్తారు. పైగా పిల్లల పాదాలు పెరుగుతూనే ఉంటాయి. ఎముకలు, కండరాలు సిద్ధమవ్వాలి కాబట్టి సాధారణంగా 11, 12 ఏళ్లు వచ్చేదాకా ఆ బూట్లు వేయించరు. ఆ వయసు వచ్చాక మాత్రం ఖర్చు ఆగదు. ఉచితంగా నేర్పే స్కూలు ఫీజు వదులుకుంటే సరిపోదు, ఈ బూట్ల ఖర్చు కూడా ఏళ్ల తరబడి తనే భరించాలి.

ఈ కష్టం కొత్తది కాదు. న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెం పేటలో పుట్టి పెరిగిన ఆర్థర్ మిచెల్ 1955లో న్యూయార్క్ సిటీ బ్యాలే అనే పెద్ద బృందంలో చేరారు. నల్లజాతి డాన్సర్ అక్కడ ఆ స్థాయికి వెళ్లడమే అప్పట్లో పెద్ద విషయం. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక, తను పెరిగిన పేటకు ఏదైనా చేయాలని నిర్ణయించుకున్నారు. 1969లో తన గురువు కారెల్ షుక్‌తో కలిసి డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం ప్రారంభించారు. మొదట 30 మంది పిల్లలు, రెండు నెలలకే 400 మంది అయ్యారని చెబుతారు. ఎండాకాలంలో గ్యారేజీ తలుపులు తెరిచి క్లాసు జరుపుతుంటే, వీధిలో పోయే పిల్లలు ఆగి చూసి లోపలికొచ్చేవారు. ఒంటికి అతుక్కుపోయే టైట్స్ వేసుకోవడానికి మగపిల్లలు సిగ్గుపడితే, జీన్స్ నిక్కర్లతో రమ్మన్నారు. నాకు మిచెల్ గారిలో బాగా నచ్చేది ఇదే. పాఠం దగ్గర ఎంత కఠినంగా ఉండాలో, గుమ్మం దగ్గర ఎంత వెసులుబాటు ఇవ్వాలో ఆయనకి తెలుసు.

బ్యాలే బూట్లు, టైట్స్ అప్పటిదాకా లేత గులాబీ రంగువే. తెల్లవాళ్ల ఒంటి రంగును బట్టి పుట్టిన ఆనవాయితీ అది. 1970ల్లో హార్లెం డాన్సర్లు తమ చర్మం రంగుకు సరిపోయే టైట్స్ వేసుకుని, బూట్లకీ అదే రంగు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ బూట్లను ఏళ్ల తరబడి డాన్సర్లే ఇంట్లో కూర్చుని మేకప్‌తో రంగేసుకునేవారు. ఇంగ్లండ్‌లో ఫ్రీడ్ కంపెనీ గోధుమ రంగుల్లో తయారు చేసి అమ్మడం మొదలుపెట్టింది ఎప్పుడనుకున్నారు? 2018లో!

ఇంత పేరున్న డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం 2004లో అప్పుల్లో కూరుకుపోయింది. 20 లక్షల డాలర్లు దాటిన అప్పు. ప్రదర్శనలిచ్చే కంపెనీ ఆగిపోయింది, కొంతకాలం స్కూలూ మూతపడింది. దాతలు, నగర మేయర్ బ్లూమ్‌బర్గ్ చేయూతనిస్తే ముందు స్కూలు తెరుచుకుంది. కంపెనీ మళ్లీ లేవడానికి 2012 దాకా పట్టింది. చప్పట్లకు, అభిమానులకు ఆ సంస్థకి ఎప్పుడూ కొదవ లేదు. నెల నెలా జీతాలకి, కరెంటు బిల్లుకి సరిపడా డబ్బే లేకుండా పోయింది.

అందుకే ఒక్క పిల్లాడి ఫొటో చూపించి విరాళాలు అడిగే పద్ధతి నాకు భయం పుట్టిస్తుంది. ఆ పిల్లాడికి సీటు వస్తుంది, మంచిదే. ఆ పక్కన సాధన కోసం గోడకు బిగించిన కడ్డీ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి మాటేంటి? ఆమె పెద్దయ్యాక బ్యాలే డాన్సర్ కాకపోవచ్చు, నర్సో టీచరో కావచ్చు. అయినా వారంలో నాలుగు సాయంత్రాలు ఒక శుభ్రమైన గదిలో, తన పేరు తెలిసిన టీచర్ ముందు నిటారుగా నిలబడే హక్కు ఆమెకీ ఉంది. స్కూలు నడిచేది ఎక్కువగా అలాంటి పిల్లల కోసమే.

మీకు తెలిసిన ఇలాంటి డాన్స్ స్కూలు ఎక్కడున్నా, అది బ్యాలేనే కానక్కర్లేదు, సాయం చేసే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి. వచ్చే పన్నెండు నెలల హాలు అద్దె సమకూరిందా, టీచర్లకి జీతం అందుతోందా అని అడగండి. పెద్ద మొత్తం ఒక్కసారి ఇచ్చేకంటే నెలకి 500 రూపాయలైనా ఆపకుండా పంపండి. ఏ ఖర్చుకి వాడాలో వాళ్లకే వదిలేయండి.