ఇంట్లో డే కేర్‌కు కరిక్యులమ్ కొనాలా? ముందు మీ రోజు లెక్క చూసుకోండి

నమస్కారమండీ. బెంగళూరు మారతహళ్లి దగ్గర తన ఇంట్లోనే డే కేర్ నడుపుతున్న ఒక తెలుగావిడ అడిగిన ప్రశ్న మీద ఈ వీడియో. ఆవిడ దగ్గర ఎనిమిది మంది పిల్లలు ఉన్నారు. ఏడాదిన్నర పాప నుంచి నాలుగున్నరేళ్ల బాబు వరకు అందరూ ఒకే హాల్లో. ఈ మధ్య ఒక కంపెనీ మనిషి వచ్చి, "మేడమ్, మా ప్రీస్కూల్ కరిక్యులమ్ తీసుకోండి, మీ డే కేర్ స్కూలు స్థాయికి వెళుతుంది, ఫీజు కూడా పెంచుకోవచ్చు" అన్నాడట. పిల్లకో కిట్, టీచరుకు శిక్షణ, గోడకు పోస్టర్లు, తల్లిదండ్రులకు యాప్. తీసుకోవాలా వద్దా అన్నది ఆవిడ సందేహం.

చివరిదాకా ఊరించడం నాకు నచ్చదు కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. ఆ కిట్ వల్ల మీకు సమయం మిగిలితే, ఆ మిగిలే సమయానికి ధర కట్టి కొనండి. చదువు పేరు చెప్పి అడిగే డబ్బు మాత్రం ఇవ్వకండి.

ఎందుకో చెప్పాలంటే ఇంటి డే కేర్‌లో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడాలి. ఎనిమిదిన్నరకు మొదటి పిల్ల వస్తుంది. తొమ్మిదిన్నర దాకా ఏడుపులు, సముదాయింపులు, ఇంట్లో తినకుండా వచ్చినవాళ్లకు ఇడ్లీనో రాగిజావో. తర్వాత ఆట. పన్నెండున్నరకు భోజనాలు, ఒకటి నుంచి మూడు దాకా నిద్ర, లేచాక పాలు, పండు. సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కున్న తల్లిదండ్రులు ఏడుకు వచ్చినా వచ్చినట్టే. ఇన్ని గంటల్లో మీరు పిల్లల్ని కూర్చోబెట్టి ఏదైనా ప్రత్యేకంగా చేయించగలిగేది మహా అయితే గంట. అదీ డైపర్లు మార్చడానికి మధ్యలో లేవకుండా ఉంటే.

కిట్లు తయారుచేసేది ఈ రోజు కోసం కాదండీ. తొమ్మిదికి తెరిచి పన్నెండున్నరకు మూసే ప్లే స్కూలు కోసం, నర్సరీకి ఒక గది, ఎల్‌కేజీకి ఒక గది ఉండే చోటు కోసం. మీ దగ్గర నాలుగేళ్ల బాబు పూసలు గుచ్చుతుంటే పక్కనే ఉన్న ఏడాదిన్నర పాప ఒక పూస నోట్లో పెట్టుకుంటుంది. ఇక మీ ధ్యాసంతా పాప నోటి మీదే ఉంటుంది, పాఠం మీద ఎక్కడ ఉంటుంది? అందుకే మొదటి ప్రశ్న ఇది: ఒకే కార్యక్రమాన్ని రెండేళ్ల పిల్లతో ఎలా చేయించాలో, నాలుగేళ్ల పిల్లతో ఎలా చేయించాలో ఆ పుస్తకంలో ఉందా? లేకపోతే దాన్ని మీ ఇంటికి తగ్గట్టు మార్చే పని ప్రతి రాత్రీ మీదే. డబ్బూ పోయింది, నిద్రా పోయింది.

అమ్మేవాళ్లు తప్పకుండా వాడే మాటలు మూడు ఉంటాయి.

మొదటిది, "జాతీయ విద్యా విధానం ప్రకారం తయారైంది". 2020 నాటి ఆ విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా చూసింది. దాని ఆధారంగా 2022 అక్టోబరులో పునాది దశకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. అందులో ఒక మాట స్పష్టంగా ఉంది: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు ఉండకూడదు. టీచరు చేతిలో కార్యక్రమాల పుస్తకం ఉంటే చాలు. ఇప్పుడు ఆ కిట్ పెట్టె తెరవండి. ఇంగ్లీషు వర్క్‌బుక్, లెక్కల వర్క్‌బుక్, పరిసరాల వర్క్‌బుక్, రంగులు వేసే పుస్తకం. పెట్టె మీద ఆ విధానం పేరు, పెట్టె లోపల సబ్జెక్టుకో పుస్తకం! నాకైతే ఇది చూసినప్పుడల్లా నవ్వు వస్తుంది.

రెండోది, "మాంటిస్సోరి పద్ధతి". ఈ పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు. అది ఏ ఒక్కరి సొత్తూ కాదని అమెరికాలో 1967లోనే తేల్చారు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి బాలల గృహం తెరిచారు. 1939లో మన పక్కనే, మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయారు కూడా. ఆవిడ పద్ధతిలో చిన్నపిల్లలకు ముందు నేర్పేవి ఏమిటో తెలుసా? ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లు ఒంపడం, ఊడవడం, గుడ్డ మడతపెట్టడం, గుండీలు పెట్టుకోవడం. స్కూలు గదిలో వీటి కోసం చిన్న చిన్న సామాన్లు ప్రత్యేకంగా సమకూర్చుకోవాలి. మీ ఇంట్లో వంటగదే ఉంది. బఠాణీలు ఒలవడం, ఉతికిన చేతి రుమాళ్లు మడవడం, కొత్తిమీర ఆకులు తుంచడం, అన్నం తిన్న పళ్లెం సింకు దాకా తీసుకెళ్లడం. ఇవన్నీ పిల్లలు మీ కొంగు పట్టుకుని తిరుగుతూ చేసే పనులే. వీటికి ప్లాస్టిక్ నమూనాలు తయారుచేసి మీకే తిరిగి అమ్ముతుంటే కొనడమెందుకు?

మూడోది, "పరిశోధనలో నిరూపితమైంది". దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే నిజంగానే ఒక గొప్ప పరిశోధన ఉంది. అమెరికా మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962లో పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం మొదలైంది. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని రెండు జట్లు చేశారు. 58 మందికి ప్రీస్కూలు దొరికింది, 65 మందికి దొరకలేదు. వాళ్లను నలభై ఏళ్ల వయసు వరకు గమనిస్తూ వచ్చారు. ప్రీస్కూలుకు వెళ్లినవాళ్లలో చదువు పూర్తిచేసినవాళ్లు ఎక్కువ, సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. ప్రీస్కూలు వల్ల జీవితం మారుతుందని ప్రపంచంలో ఎవరు చెప్పినా ముందుగా చూపేది దీన్నే. అక్కడ వాడిన హైస్కోప్ పద్ధతి ఇప్పటికీ అమ్మకానికి ఉంది.

కానీ ఆ ప్రీస్కూల్లో ఏం జరిగిందో చూడండి. ఐదారుగురు పిల్లలకు ఒక టీచరు, ఆ టీచర్లు బాగా చదువుకున్నవాళ్లు. రోజూ ఉదయం రెండున్నర గంటలు బడి. పైగా వారానికి ఒకసారి టీచరే పిల్లవాడి ఇంటికి వెళ్లి గంటన్నర సేపు తల్లితో, పిల్లవాడితో గడిపేది. పిల్లవాడు ఇవాళ ఏం చేయాలనుకుంటున్నాడో తనే చెప్పాలి, చేయాలి, తర్వాత ఏం చేశాడో మళ్లీ చెప్పాలి. మొత్తం పద్ధతికి వెన్నెముక ఇదే. ఇందులో పెట్టెలో పెట్టి పంపగలిగేది ఎంత? పిల్లవాడు చెప్పేది ఓపికగా వినే పెద్ద మనిషిని ఏ కొరియర్ తెచ్చి ఇస్తుంది?

ఇక డబ్బు లెక్క. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. చేరడానికి, శిక్షణకు కలిపి 30,000. పిల్లకు ఏడాదికి కిట్ 4,500. ఎనిమిది మందికి 36,000. మొత్తం 66,000 రూపాయలు. నెలకు 5,500. తల్లిదండ్రుల మీద వేస్తే ఒక్కో కుటుంబానికి నెలకు దాదాపు 690. "అంతేనా, ఇచ్చేస్తారులే" అనిపిస్తుంది. ఇస్తారు కూడా. కానీ అదే 690 ఫీజులో పెంచగలిగినప్పుడు, ఆ 5,500కు ఇంకొంచెం కలిపి ఉదయం పూట ఒక ఆయాను పెట్టుకోవచ్చేమో మీ వీధిలో కనుక్కోండి. ఎనిమిది మంది పిల్లల దగ్గర మీరు ఒక్కరే ఉండటం, ఇద్దరు ఉండటం, ఈ రెండింటి మధ్య తేడా పిల్లలకు మొదటి రోజే తెలుస్తుంది. ఒకరు డైపరు మారుస్తుంటే ఇంకొకరు కథ చెప్పవచ్చు. నా లెక్కలో మొదటి ఖర్చు మనిషి మీద, తర్వాతే కాగితం మీద.

ఇంకో సంగతి. బెంగళూరులో పిల్లలు ఏడాది పొడవునా ఒకే డే కేర్‌లో ఉండరు. ఆఫీసు మారుతుంది, ఇల్లు మారుతుంది, నెల్లూరు నుంచో కర్నూలు నుంచో అమ్మమ్మ వచ్చి ఆరు నెలలు ఉంటానంటుంది. జూన్ రాగానే పెద్ద స్కూలు. మరి మీరు జూన్‌లో డబ్బు కట్టిన కిట్ సెప్టెంబరులో మానేసిన పిల్లవాడిది అయితే? ఒప్పందంలో కనీసం ఇన్ని కిట్లు కొనాలని, కొన్నవి వెనక్కి తీసుకోబోమని ఉండవచ్చు. అది చదివాకే సంతకం. అలాగని ఒక కిట్ కొని మిగతా ఏడుగురికీ జిరాక్స్ తీయడం మాత్రం వద్దు. అది వాళ్ల రచన, అనుమతి లేకుండా నకళ్లు తీయడం చట్టం ఒప్పుకోదు.

ఉచితంగా దొరికేవి లేవా అంటే ఉన్నాయి, చాలా మంచివే. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో రెండు పుస్తకాలు విడుదల చేసింది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు "నవచేతన", అందులో 36 నెలలకు నెలవారీగా 140 కార్యక్రమాలు ఉన్నాయి. మూడు నుంచి ఆరేళ్లకు "ఆధారశిల", 48 వారాల ప్రణాళిక. అంగన్‌వాడీల కోసం రాసినవి కాబట్టి ఖరీదైన సామాను అడగవు. మీ ఇంటికి ఇది పెద్ద సుగుణం, ఎందుకంటే మీ దగ్గర ఉన్న రెండు వయసులకూ రెండు పుస్తకాలు దొరికినట్టే. కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో తెచ్చిన "జాదూయీ పిటారా"లో బొమ్మలు, పజిళ్లు, పోస్టర్లు, కథల కార్డులు ఉన్నాయి. చూసి సొంతంగా తయారు చేసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

అయితే ఉచితం అన్న మాటతో నేను మిమ్మల్ని వదిలేస్తే అది అన్యాయం. ప్రభుత్వ పత్రం వందల పేజీలు ఉంటుంది. సోమవారం పదింటికి ఏం చేయాలో అందులోంచి వెతికి తీయాలి, ఉన్న వస్తువులతో సరిపెట్టాలి. ఆ పని రాత్రి పదింటికి, గిన్నెలు కడిగాక, మీరే చేయాలి. దానికీ విలువ ఉంది. అందుకే కొనడం తప్పని నేను అనడం లేదు. నెలకు ఒకసారి వచ్చే, పిల్లల లెక్కన కాకుండా డే కేర్ మొత్తానికి ఒకే ధర ఉండే, నచ్చకపోతే వచ్చే నెల ఆపేయగలిగే ప్రణాళిక దొరికితే, అది మీకు వారానికి మూడు రాత్రులు మిగిల్చితే, సంతోషంగా కొనండి.

కిట్‌లో బొమ్మలు ఉంటే ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది. కిట్ డబ్బులో కొంత మిగిలితే మైసూరు దారిలో చన్నపట్నం దాకా వెళ్లి రండి. అక్కడి లక్క బొమ్మలూ మన ఏటికొప్పాక బొమ్మలూ ఒకే చెట్టు కర్రతో చేసినవి, మనం అంకుడు అనే చెట్టు. మీ డే కేర్‌లోని కన్నడ పిల్లలకు, తెలుగు పిల్లలకు ఒకే బొమ్మ ఇద్దరిదీ అవుతుంది. కొనేటప్పుడు మాత్రం చిన్న ముక్కలు ఊడనివి ఎంచుకోండి, మీ దగ్గర మూడేళ్ల లోపు వాళ్లు ఉన్నారు.

నాకు కిట్లలో అన్నిటికంటే చిరాకు తెప్పించేది నెలనెలా వచ్చే అంశాలు. డిసెంబరు అంటే మంచు మనిషి, అక్టోబరు అంటే రాలే ఎర్రటి ఆకులు. బెంగళూరు పిల్లవాడు మంచును ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడ చూశాడు? ఇక్కడి ఏడాది ఇక్కడే ఉంది కదండీ. ఏటా వేసవి మొదట్లో రోడ్ల పక్కన టబెబూయా చెట్లు ఆకులు కనపడనంతగా గులాబీ రంగు పూలు పూస్తాయి, రాలిన పూలు ఏరుకుని రంగులు, లెక్కలు, వరసలు అన్నీ చేయవచ్చు. ఉగాది కన్నడిగులకూ మనకూ ఒకే రోజు. వాళ్ల బేవు బెల్లలో, అంటే వేప, బెల్లం కలిపిన దానిలో, రెండు రుచులు, మన పచ్చడిలో ఆరు. చిన్న నాలుకల మీద ఒక్కో రుచీ పెట్టి మొహాలు చూడండి, ఆ రోజుకు ఇంకే పాఠమూ అక్కర్లేదు. కార్తిక మాసం చివరి సోమవారం బసవనగుడిలో వేరుసెనగల పరిషె, అంటే జాతర. ఒక సంచి కాయలు తెచ్చుకుంటే గలగలలాడించడం, ఒలవడం, పొట్టు ఊదడం, ఒక కాయలో ఎన్ని గింజలో చూడటం. వారం గడుస్తుంది. చిన్నవాళ్ల నోటికి మాత్రం గింజ అలాగే ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. ఉడికించి మెత్తగా నలిపి పెట్టండి.

భాష విషయమూ ఇక్కడే వస్తుంది. తెలుగు తల్లిదండ్రులు పెద్ద పెద్ద ప్లే స్కూళ్లు దాటుకుని మీ ఇంటికి ఎందుకు వస్తున్నారు? "ఇంకొక్క ముద్ద తిను నాన్నా" అని పిల్లకు అర్థమయ్యే మాటతో పప్పన్నం పెడతారని. చిన్న వయసులో ఇంటి భాషలోనే నేర్పాలని ఆ 2022 చట్రం కూడా గట్టిగా చెబుతోంది. కిట్ కొన్నాక మీరు దానిలోని ఇంగ్లీషు వాక్యాలు చూసి చదవడం మొదలుపెడితే, వాళ్లు దేని కోసం వచ్చారో అదే తీసేసినట్టు.

తల్లిదండ్రుల సంగతి ఒప్పుకోవాలి. వాళ్లు అడుగుతారు, "ఇవాళ ఏం నేర్పారు?" అని. నిజం చెప్పాలంటే కరిక్యులమ్ సగం అమ్ముడుపోయేది ఆ ప్రశ్నకు భయపడే. దానికి వాళ్ల యాప్ అక్కర్లేదు. వారం ప్రణాళిక ఒక కాగితం మీద రాసి తలుపు పక్కన అంటించండి. పిల్లకో నోటు పుస్తకం పెట్టి వారానికి మూడు వాక్యాలు రాయండి: "ఈ వారం ఎర్ర మూతలన్నీ ఒక పక్కకు పెట్టాడు. మెట్లు గోడ పట్టుకోకుండా దిగాడు. పక్క పాపకు తన బంతి ఇచ్చాడు, కానీ ఐదు నిమిషాలకే లాక్కున్నాడు." పిల్లవాడిని ఎవరో నిజంగా చూస్తున్నారని ఏ తల్లికైనా ఇది చదివితే తెలిసిపోతుంది.

మారతహళ్లి మేడమ్‌గారూ, ఆ కంపెనీ మనిషి మళ్లీ వస్తే ఒక్కటి అడగండి. ఏదైనా ఒక వారానికి సరిపడా పూర్తి సామగ్రి, టీచరు పుస్తకంతో సహా, ఇచ్చి వెళ్లమనండి. ఆ వారం రోజులూ మీ ఎనిమిది మందితో నడిపి చూడండి, మీకు రాత్రి ఎంత సేపు పట్టిందో రాసుకోండి. ఇవ్వనంటే అతనికి టీ ఇచ్చి పంపేయండి. ఇస్తే, ఆ వారం ఎలా గడిచిందో కింద రాయండి, అందరం చదువుతాం. వచ్చే వీడియోలో డే కేర్ భోజనం ఫీజులో కలపాలా, విడిగా తీసుకోవాలా అన్నది మాట్లాడదాం. ఉంటానండీ.