తాగి ఉన్న ఒంట్లోంచి రక్తం పోతే
(కర్నూలులో లారీ డ్రైవర్లు, క్లీనర్ల ఆరోగ్య శిబిరంలో ఒక సర్జన్ ప్రసంగం)

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. మందు మానండని చెప్పడానికి రాలేదు. ఆ మాట మీ ఇళ్లలో రోజూ వింటూనే ఉంటారు. తాగినవాడికి యాక్సిడెంటయి రక్తం పోతే ఒంట్లో ఏం జరుగుతుందో చెబుతాను. 44వ నంబరు హైవే మీద అలాంటి మనిషి దగ్గరికి చాలాసార్లు ముందు చేరేది మీరే.

60 కిలోల మనిషిలో 4 లీటర్లకు కాస్త పైగా రక్తం ఉంటుంది. తాగని మనిషికి అందులో లీటరు దాకా పోయినా చాలాసార్లు బీపీ నిలబడుతుంది. వాసోప్రెసిన్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు దిగి చర్మంలో, పేగుల్లో నాళాలను బిగిస్తాయి, గుండె వేగం పెంచుతాయి, మూత్రం తగ్గిస్తాయి. కేసీ కెనాల్లో నీళ్లు తక్కువైనప్పుడు పొలాల తూములు మూసి తాగునీటికి వదిలినట్టు, ఉన్న రక్తమంతా గుండెకు, మెదడుకు మళ్లుతుంది.

మందు దెబ్బ తీసేది సరిగ్గా ఈ ఏర్పాటునే. తాగితే మాటిమాటికీ ఒంటేలుకు ఎందుకు వస్తుంది? వాసోప్రెసిన్ తగ్గిపోతుంది కాబట్టి. రక్తం కారుతున్నప్పుడు కూడా ఆ నీరు అలా పోతూనే ఉంటుంది. ఎలుకల మీద ప్రయోగాల్లో మందు ఎక్కించిన వాటికి బీపీ ఎక్కువగా పడిపోయింది, సెలైన్ పెట్టినా సరిగా లేవలేదు, తర్వాత ఇన్ఫెక్షన్లను తట్టుకునే శక్తి కూడా తగ్గింది. మనుషుల్లో తాగినవాళ్లే ఎక్కువగా చనిపోతారా అంటే, ఆసుపత్రుల లెక్కలు అన్నిచోట్లా ఒకేలా లేవు. అందుకని ధైర్యంగా ఉండొచ్చని మాత్రం కాదు.

చలి సంగతి కూడా ఉంది. మందు చర్మంలోని నాళాలను తెరుస్తుంది, ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. నొప్పి తెలియకుండా ఉంటుందని గాయపడినవాడి నోట్లో బ్రాందీ పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. దుప్పటి కప్పండి, అంతే.

అన్నిటికంటే నాకు కోపం వచ్చే మాట ఒకటుంది: “తాగి పడిపోయాడప్పా, మత్తు దిగితే లేస్తాడు.” లోపల కడుపులో రక్తం పోతున్నవాడూ అలాగే పడి ఉంటాడు, అలాగే మాట తడబడుతుంది. చెయ్యి పట్టి చూడండి. చల్లగా, చెమటతో ఉండి నాడి సన్నగా, వేగంగా కొట్టుకుంటుంటే అది మత్తే అనుకుని వదిలేయకండి. 108కి ఫోన్ చేయండి. పైకి కనిపించే గాయమైతే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి, ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడకండి. రక్తం ఆపడానికి మేమిచ్చే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇంజెక్షన్ దెబ్బ తగిలిన 3 గంటల్లోపు పడాలి. సాయం చేస్తే స్టేషన్ల చుట్టూ తిరగాలని టెన్షన్ వద్దు, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ మిమ్మల్ని కాపాడుతుంది.

ఆసుపత్రికి వచ్చాక ఇన్సూరెన్స్ పోతుందనో, కేసవుతుందనో “తాగలేదు సార్” అంటారు. మత్తు డాక్టరు ఇచ్చే మోతాదు ఆ మాట మీద కూడా ఆధారపడుతుంది. క్వార్టరా, హాఫా, ఎన్ని గంటలకు తాగాడో ఉన్నదున్నట్టు చెప్పండి. రక్తం ఇస్తామని వచ్చే స్నేహితులూ తాగి రాకండి, బ్లడ్ బ్యాంకులో తిప్పి పంపిస్తారు.