రేపటి సైనికుడికి నిన్నటి కోటు: సైన్స్ ఫిక్షన్ మినియేచర్లకు చరిత్ర రంగులు

[తెరపై: నల్లటి నేపథ్యం. నెమ్మదిగా తిరుగుతున్న 28 మిల్లీమీటర్ల బొమ్మ. పొడవాటి కోటు, గ్యాస్ మాస్కు, చేతిలో లేజర్ తుపాకీ. ఇంకా రంగు పడలేదు.]

ఈ సైనికుడి ఊరు ఏదో ఊహాగ్రహం. చేతిలో ఉన్నది లేజర్ తుపాకీ. కానీ ఒంటి మీద కోటు చూడండి. మోకాళ్ల దాకా దిగిన ఆ బరువైన ఉన్ని కోటు మొదటి ప్రపంచయుద్ధపు కందకాల నుంచి వచ్చింది. మరి దీనికి ఏ రంగు వేయాలి?

బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధపు ఆటను వార్‌గేమ్ అంటారు, ఆ బొమ్మలే మినియేచర్లు. సైన్స్ ఫిక్షన్ వార్‌గేమ్ బొమ్మలు మలిచేవాళ్లు చరిత్ర నుంచి చాలా తెచ్చుకున్నారు. 1987లో మొదలైన వార్‌హామర్ 40,000 ఆటనే తీసుకోండి. అందులో డెత్ కోర్ ఆఫ్ క్రీగ్ దళానికి కందకాల యుద్ధపు కోట్లు, మాస్కులు ఉంటాయి. ప్రెటోరియన్ దళానికి విక్టోరియా కాలపు బ్రిటిష్ ఎర్రకోట్లు. వల్హల్లన్ దళానికి సోవియట్ సైనికుల చలికోట్లు. శిల్పి చేయవలసింది చేసేశాడు. ఇక కుంచె మన చేతిలో ఉంది.

చాలామంది పాత యూనిఫాంల చిత్రాలు ముందు పెట్టుకుని, ఆ రంగులన్నీ ఉన్నవి ఉన్నట్టు దించేస్తారు. అలా చేసిన బొమ్మ శుభ్రంగానే ఉంటుంది, కానీ వేషం వేసుకున్నవాడిలా కనిపిస్తుంది. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఒక సైన్యం ఆ రంగు ఎందుకు తొడుక్కుందో తెలుసుకోండి. అద్దకం ఎక్కడి నుంచి వచ్చింది, ఎండకు ఏమైంది, ఎవరిని ఎవరు గుర్తుపట్టాలని ఆ రంగు ఎంచుకున్నారు అన్నది ముందు తేల్చుకోండి. కారణం పట్టుకుంటే రంగు పూర్తిగా మార్చేసినా బొమ్మ నమ్మదగ్గదిగా ఉంటుంది.

[తెరపై: రెండు కోట్ల చిత్రాలు. ఎడమవైపు ముదురు నీలం కోటు, ఎర్ర ప్యాంటు. కుడివైపు లేత బూడిద నీలం కోటు.]

1914 ఆగస్టులో ఫ్రెంచ్ పదాతిదళం ముదురు నీలం కోటు, ఎర్ర ప్యాంటుతో యుద్ధానికి నడిచింది. మెషిన్ గన్ల ఎదుట ఎర్ర ప్యాంటు! నిజానికి అంతకు ముందు నెలలోనే కొత్త గుడ్డకు ఆమోదం దొరికింది. నీలం, తెలుపు, ఎరుపు ఉన్ని పోగులు కలిపి నేయాలని, దూరానికి ఆ మూడూ ఒకదానిలో ఒకటి కరిగిపోయి మసక రంగుగా కనిపించాలని ఆలోచన. అయితే ఆ ఎరుపుకు కావలసిన కృత్రిమ అద్దకం జర్మనీ నుంచి వచ్చేది. యుద్ధం మొదలయ్యాక శత్రువు రంగు అమ్మడు కదా. ఎర్ర పోగు తీసేశారు. మిగిలిన నీలం, తెలుపు పోగులతో నేసిన గుడ్డే 1915లో కందకాల నిండా కనిపించిన హొరైజన్ బ్లూ.

ఈ కథ తెలిశాక మీ కుంచె పని మారిపోతుంది. అది ఒకే రంగులో ముంచి తీసిన గుడ్డ కాదు, వేర్వేరు పోగుల కలగలుపు. తానుకూ తానుకూ ఛాయ మారేది. ఎండకూ వానకూ బూడిద రంగులోకి దిగిపోయేది. దీన్ని బొమ్మ మీద చూపించడం ఎలాగో చూద్దాం.

[తెరపై: దగ్గరి షాట్. బూడిద రంగు ప్రైమర్ వేసిన బొమ్మ మీద పై నుంచి తెల్ల స్ప్రే పడుతోంది.]

ముందుగా బొమ్మ అంతటా బూడిద రంగు ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే తొలి పూత. అది ఆరాక నెత్తి పైనుంచి మాత్రమే, ఏటవాలుగా, పలుచగా తెల్ల ప్రైమర్. ఎండ పడే చోట్లు తెల్లబడతాయి, కోటు మడతల కింద బూడిద మిగులుతుంది. ఇంత చిన్న బొమ్మ మీద గదిలోని వెలుతురు సరిపడా నీడలు పుట్టించదు. అందుకే నీడను మనమే వేయాలి. ఈ రెండు స్ప్రేలతో ఎక్కడ ఏది వేయాలో బొమ్మే చూపిస్తుంది.

తర్వాత లేత నీలంలో బూడిద కలిపి, నీళ్లతో పలుచన చేసి, రెండు పూతలుగా వేయండి. చిక్కటి రంగు ఒక్కసారే పూస్తే శిల్పి చెక్కిన కుట్లూ గుండీలూ పూడిపోతాయి. ఇంకో మాట. పదిమంది సైనికులకూ సరిపోయే రంగు ఒకేసారి కలపకండి. మూడు విడతలుగా, కొలత లేకుండా కలపండి. మొదటి ముగ్గురి కోటుకూ చివరి ముగ్గురి కోటుకూ కొంచెం తేడా వస్తుంది. వేర్వేరు తానుల నుంచి కుట్టిన కోట్లకు ఉండే తేడా అదే.

నీడ కోసం నల్ల వాష్, అంటే మడతల్లోకి జారే నీళ్లలాంటి పలుచటి రంగు, మొత్తం మీద పోయకండి. ఇది నేను పదేపదే చెప్పే విషయం. ముదురు నీలంలో ఇంత గోధుమ రంగు కలిపి, మడతల లోపల మాత్రమే కుంచె కొనతో నింపండి. నలుపు గుడ్డను చంపేస్తుంది.

ఇప్పుడు హైలైట్, అంటే వెలుగు తగిలే చోట్ల వేసే లేత రంగు. మామూలుగా అంచుల వెంట సన్నటి గీతలు గీస్తాం. ఉన్నికి అది నప్పదు. అరిగిపోయిన పాత కుంచె తీసుకుని, రంగు దాదాపు తుడిచేసి, మడతల మిట్టల మీద చుక్కలు చుక్కలుగా తాకించండి. మొదట లేత నీలం చుక్కలు, వాటి మధ్యలో అక్కడక్కడ మాసిన తెలుపు చుక్కలు. దగ్గర నుంచి చూస్తే చుక్కలే. చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. రంగులు కలిసిపోయి గరుకైన ఉన్ని కనిపిస్తుంది. ఆ గుడ్డ నేసినవాళ్లు ఏ సూత్రం మీద ఆధారపడ్డారో, ఇక్కడ మనమూ దాని మీదే ఆధారపడుతున్నాం. నాకు ఈ పనిలో ఇంతకంటే ఇష్టమైన ఘట్టం లేదు.

[తెరపై: కోటు అంచు, బూట్లు. కుంచెతో లేత రంగు బురద వేస్తున్నారు.]

బురద అంటే వెంటనే గోధుమ రంగు సీసా మూత తీస్తాం. ఆగండి. ఫ్రాన్స్‌లోని సోమ్, షాంపేన్ ప్రాంతాల కందకాలు సుద్దనేలలో తవ్వినవి. అక్కడ బట్టలకు అంటింది తెల్లటి బురద. బెల్జియం వైపు ఫ్లాండర్స్‌లో బంకమట్టి. మీ గ్రహం నేల ఏ రంగో ముందే నిర్ణయించి, బొమ్మ నిలబడే బేస్‌కు ఆ రంగు వేయండి. అదే రంగును కోటు అంచుకూ, మోకాళ్లకూ, పార మొనకూ అంటించండి. ఎర్ర నేల గ్రహమైతే ఎర్ర బురద. కాళ్ల మీద ఒక మట్టి, కాళ్ల కింద ఇంకో మట్టి ఉంటే ఎంత చక్కగా వేసిన బొమ్మైనా తేలిపోతుంది.

మాస్కు సంగతి క్లుప్తంగా చెప్తాను. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర జర్మన్లు పెద్ద ఎత్తున క్లోరిన్ వాయువు వదిలాక మాస్కు సైనికుడి ముఖంలో భాగమైపోయింది. ఆనాటి మాస్కులు ఎక్కువగా గుడ్డ, రబ్బరు, తోలు. కాబట్టి వాటికి మెరుపు వద్దు. మెరవవలసినవి కళ్లద్దాలు మాత్రమే. అద్దం పైభాగం ముదురుగా, కింది భాగం లేతగా వేసి, పై మూలన ఒక తెల్ల చుక్క పెట్టండి.

ఆ అద్దానికి ఏ రంగు? ఇక్కడే సైన్స్ ఫిక్షన్ అడుగు పెడుతుంది. భవిష్యత్తుకు ఒకే ఒక్క గాఢమైన రంగు ఇవ్వండి. నారింజ అనుకుందాం. కళ్లద్దాల్లో అదే, తుపాకీ శక్తి గొట్టంలో అదే, వీపు మీది రేడియో దీపంలో అదే. మిగతాదంతా వెలిసిపోయిన గుడ్డ, తోలు, మట్టి. నాలుగు రంగుల దీపాలు వెలిగిస్తే చూపు ఎక్కడా నిలవదు.

[తెరపై: ఎర్రకోటు, ఎత్తైన టోపీ ఉన్న ఇంకో బొమ్మ.]

ఎర్రకోటు దగ్గరికి వద్దాం. 1815 నాటి వాటర్లూ యుద్ధకాలంలో బ్రిటిష్ అధికారి కోటు కోచినీల్ పురుగుల నుంచి తీసిన ఖరీదైన అద్దకంతో ధగధగలాడే ఎరుపు. మామూలు సిపాయి కోటు మంజిష్ఠ వేరు అద్దకం. ఇటుక రంగులో, త్వరగా వెలిసేది. దూరం నుంచే ఎవరు ఎవరో తెలిసిపోయేది. మీ దళంలో అధికారికి స్వచ్ఛమైన ఎరుపు వాడి, సిపాయిలందరికీ అదే ఎరుపులో కాస్త గోధుమ కలపండి. భుజానికి బంగారు పట్టీ లేకపోయినా నాయకుడు ఎవరో బల్ల అవతలివాళ్లకు తెలుస్తుంది. ఎరుపుకు హైలైట్ వేసేటప్పుడు తెలుపు కలపకండి, గులాబీ రంగు వస్తుంది. నారింజ కలపండి.

1879 జూలూ యుద్ధం నాటికి బ్రిటిష్ సైనికులకు తెల్లటి ఎండ టోపీలు వచ్చాయి. దక్షిణాఫ్రికా ఎండలో ఆ తెలుపు దూరానికే కొట్టొచ్చినట్టు కనబడేది. అందుకని వాటిని టీతోనూ మట్టితోనూ మరకలు చేసి మాపుకునేవారు. కాబట్టి టోపీకి పాలమీగడ రంగు వేసి, పలుచటి గోధుమ వాష్‌ను సమానంగా కాకుండా మరకలు మరకలుగా వదలండి. ఇక్కడ అసమానంగా ఉండటమే సరైన పద్ధతి.

అదే యుద్ధంలో 1879 జనవరి 22న ఇసాండ్ల్‌వానా దగ్గర ఆ ఎర్రకోట్ల దళాన్ని ఓడించిన జూలూ సైన్యాన్ని ఎందుకో మినియేచర్ ప్రపంచం తక్కువగా వాడుకుంది. వాళ్ల రంగుల పద్ధతి చాలా తెలివైనది. డాళ్లకు వాడే పశువుల తోళ్లను రంగును బట్టి దళాలకు పంచేవారు. స్థూలంగా చెప్తే, కుర్ర దళాలకు ముదురు రంగులు, అనుభవం ఉన్న దళాలకు తెలుపు ఎక్కువ. 1879 నాటికి ఆ నియమం కొంత సడలినా ఆలోచన మాత్రం అద్భుతం. మీ భవిష్యత్ సైన్యంలో భుజకవచాలకు దీన్ని పెట్టి చూడండి. కొత్తవాళ్లకు నల్ల భుజాలు, ఒక పోరు గడిచినవాళ్లకు తెల్ల మచ్చలు, పాత యోధులకు పూర్తిగా తెలుపు. ఆటలో ఏ దళం గట్టిదో వేరే గుర్తు అక్కర్లేకుండా తెలుస్తుంది.

[తెరపై: భారీ కవచం తొడిగిన ఎర్రటి బొమ్మ. పక్కన ఎర్ర లక్క పూసిన జపాన్ కవచం చిత్రం.]

గుడ్డ కాకుండా ఒళ్లంతా కవచమే ఉన్న బొమ్మలైతే జపాన్ వైపు చూడండి. 16వ శతాబ్దం చివర్లో తోకుగావా ఇయేయసు సేనాని ఈయీ నవొమాసా తన దళం మొత్తానికి ఎర్ర కవచాలు తొడిగించాడు. ఆ ఎరుపు లక్క పూత. లక్క నునుపుగా మెరుస్తుంది కాబట్టి చుక్కల పద్ధతి ఇక్కడ పనికిరాదు. ముదురు ఎరుపు నుంచి లేత ఎరుపుకు మెత్తగా దిగి, పలక అంచున సన్నటి పదునైన గీత, మూలన ఒక చిన్న తెల్ల మెరుపు. పలకలను కలిపే పట్టు తాళ్లకు మెరుపు తగ్గించి వేరే రంగు ఇస్తే కవచం ఇంకా గట్టిగా కనిపిస్తుంది. ఒకే ఎరుపు సీసా ఉన్ని మీద ఒకలా, లక్క మీద ఇంకోలా ప్రవర్తించాలి. తేడా చూపేది హైలైటే.

హెల్మెట్‌కు మచ్చల రంగు కావాలా? 1918 జూలైలో జర్మన్ సైన్యం హెల్మెట్లకు ఆకుపచ్చ, పసుపు మట్టి రంగు, తుప్పు రంగు మచ్చలు వేయాలని ఆదేశించింది. మచ్చల మధ్య వేలి వెడల్పు నల్ల గీత. మన బొమ్మ మనిషి ఎత్తులో సుమారు అరవయ్యో వంతు. అంటే ఆ గీత మిల్లీమీటరులో మూడో వంతు ఉండాలి. అంత సన్నగా వేస్తే బల్ల మీద అది కనిపించదు. పైగా ఈ బొమ్మల తలలు నిజం కంటే పెద్దగా మలుస్తారు. అర మిల్లీమీటరు గీయండి. మచ్చలు కూడా తగ్గించి నాలుగైదుకు పరిమితం చేయండి. కొలతలో నిజాయితీ కంటే చూపుకు అందడం ముఖ్యం.

తిరుగుబాటు దళాలు, వలస గ్రహాల సైన్యాలు చేసేవాళ్లకు అమెరికా అంతర్యుద్ధం బాగా ఉపయోగపడుతుంది. దక్షిణాది సైనికుల బూడిద రంగు బట్టలు చెట్ల నుంచి తీసిన అద్దకాలవి కావడంతో చాలావరకు ఎండకు పసుపు గోధుమ రంగుకు మారిపోయాయి. కాబట్టి బూడిద, గోధుమ, ఆ రెండిటి మధ్య రంగు, మూడూ ఒకే దళంలో కలిపేయండి.

[తెరపై: ఖాళీ భుజకవచాలు. ఒకదాని మీద చేతితో కొత్త చిహ్నం గీస్తున్నారు.]

కాస్త నెమ్మదిగా చెప్పవలసిన విషయం ఒకటి ఉంది. చరిత్ర నుంచి గుడ్డనూ రంగునూ తీసుకోండి, చిహ్నాలను తీసుకోకండి. ముఖ్యంగా నాజీ దళాల గుర్తులు, అవి కొంచెం మార్చినట్టున్నా సరే, మీ బొమ్మ మీద పెట్టకండి. ఆ గుర్తుల కింద మనుషులను సామూహికంగా చంపారు. బల్ల అవతల కూర్చున్న ఆటగాడి కుటుంబానికి ఆ చరిత్ర తగిలి ఉండవచ్చు. పైగా కొత్త చిహ్నం కల్పించడం కష్టమేమీ కాదు. మీ గ్రహం గురించి ఒక విషయం అనుకోండి. రెండు చంద్రులున్నాయా? రెండు అర్ధవృత్తాలు చాలు. పెన్సిల్‌తో లేతగా గీసుకుని, సన్నటి కుంచెతో నింపండి.

[తెరపై: పూర్తయిన కోటు సైనికుడు. మ్యాట్ వార్నిష్ స్ప్రే, తర్వాత కళ్లద్దాల మీద చిన్న కుంచె.]

చివరి పని వార్నిష్. ఉన్ని, తోలు, బురద మెరవకూడదు కనుక బొమ్మ మొత్తానికి మ్యాట్ వార్నిష్ పలుచగా స్ప్రే చేయండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం వద్దు, తెల్లటి పొరలా మసకబారుతుంది. పూర్తిగా ఆరాక, సన్న కుంచెతో రెండు కళ్లద్దాల మీదా మెరిసే వార్నిష్ ఒక్కో చుక్క పెట్టండి. లక్క కవచమైతే పలకలన్నిటికీ మెరిసే వార్నిష్, తాళ్లకు మ్యాట్. ఒక రాత్రి ఆరనిచ్చి, ఆ తర్వాతే ఆటకు తీసుకెళ్లండి.