సిక్స్‌లో ఈ గన్ ఎందుకు బ్యాన్? – ఫోన్-ఇన్

యాంకర్: ఈ వారం టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే షూటింగ్ గేమ్‌లో, టీమ్‌కి ఆరుగురు చొప్పున ఆడే 'సిక్స్' మ్యాచ్‌ల వెపన్ బ్యాన్లు. మొదటి కాల్ గుంటూరు నుంచి, చెప్పండి.

కాలర్: అన్నా, నేను మెడిక్‌ని, టీమ్‌ని హీల్ చేసేవాణ్ని, ఎవరైనా చేరే పబ్ సర్వర్లలో ఎప్పుడూ క్విక్-ఫిక్స్ అనే హీలింగ్ గన్నే వాడతా, మొన్న ఫ్రెండ్స్ సిక్స్ మ్యాచ్‌కి రమ్మంటే వెళ్లా, చూస్తే చేతిలో మామూలు మెడిగన్ ఉంది, బగ్గేమో అని గేమ్ రీస్టార్ట్ చేశా, వాళ్లేమో ఒకటే నవ్వు... అసలు దాన్నెందుకు తీసేశారు?

నిపుణుడు: బగ్ కాదు తమ్ముడూ, వైట్‌లిస్ట్, అంటే మ్యాచ్‌లో వాడనిచ్చే ఆయుధాల లిస్ట్. అందులో లేని గన్ పెట్టుకుంటే సర్వర్ దాని బదులు స్టాక్ గన్, అంటే మామూలు గన్ ఇస్తుంది. మ్యాచ్‌కి ముందు వైట్‌లిస్ట్ చదవండి, నెత్తీనోరూ కొట్టుకుని చెప్తున్నా.

కాలర్: సరే అన్నా, కానీ హీల్ చేస్తూ నింపుకున్న ఛార్జ్, అదే ఉబర్, వాడినప్పుడు క్విక్-ఫిక్స్‌తో మామూలు మెడిగన్‌లా చావకుండా ఉండటం లేదు కదా, వీక్ గన్నే కదా, మరి ఎందుకు తీసేశారు?

నిపుణుడు: మళ్లీ అదే ప్రశ్న! బలం సంగతి కాదయ్యా. సిక్స్ అంతా ఉబర్ లెక్క మీదే నడుస్తుంది. మామూలు మెడిగన్ నిండడానికి ఎంత బాగా హీల్ చేసినా 40 సెకన్లు పడుతుంది, వాడితే 8 సెకన్లు. అవతలి మెడిక్‌ని చంపామా, మనకి ఉబర్ ముందొస్తుంది, ఆ ధైర్యంతోనే పట్టుకోవాల్సిన తర్వాతి పాయింట్ మీదికి వెళ్తాం. క్విక్-ఫిక్స్ తొందరగా నిండుతుంది, 40 శాతం ఎక్కువ వేగంగా హీల్ చేస్తుంది. ఓడుతున్న టీమ్ దాంతో తన చివరి పాయింట్ దగ్గర కూర్చుంటే మనం కష్టపడి తెచ్చుకున్న ఆధిక్యం గంగలో కలిసినట్టే. సెంట్రీని, అంటే తనంతట తానే కాల్చే గన్‌ని, చేత్తో నడిపే రాంగ్లర్ సంగతీ అంతే, ఆ సెంట్రీ మీద పడే డ్యామేజ్‌లో మూడింట రెండొంతులు షీల్డే మింగేస్తుంది. ఇక అక్కడ ఎవరూ కదలరు, చూసేవాడికి నిద్రొస్తుంది.

కాలర్: అయితే హైలాండర్‌లో...

నిపుణుడు: తొమ్మిది మంది ఆట, దానికి లిస్ట్ వేరు. చదువుకో నాన్నా.

యాంకర్: థాంక్స్. తర్వాత వరంగల్.

కాలర్: మెడిక్‌దే ఇంకో గన్, క్రిట్జ్‌క్రీగ్, ఎందుకు బ్యాన్ కాలేదండీ?

నిపుణుడు: అది 25 శాతం త్వరగా నిండుతుంది, కానీ మెడిక్‌కి రక్షణ ఉండదు, వాణ్ని లేపేస్తే ఆ ఛార్జ్ పోయినట్టే. తెగించి ముందుకెళ్లే టీమ్‌కే పనికొస్తుంది, అందుకే ఉంచారు.

యాంకర్: ఇంకొకరు... హలో?

కాలర్: బ్యాన్లు లేకుండా ఆడితే ఏమవుతుందన్నా?

నిపుణుడు: గేమ్ తయారుచేసిన వాల్వ్ 2016లో తెచ్చిన కాంపిటీటివ్ మోడ్‌లో ఆడి చూడు, వెపన్ బ్యాన్లు లేవు, ఒకే క్లాస్‌ని ఎంతమంది తీసుకోవచ్చనే క్లాస్ లిమిట్ కూడా లేదు. లీగ్ ప్లేయర్లు చాలామంది మళ్లీ తమ లీగుల్లోనే ఆడుకున్నారు.

యాంకర్: టైమ్ అయిపోయింది, ఉంటామండీ.